టోకెనక్క నడిపిన చానల్

ఆమె అసలు పేరు క్లినిక్ హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. చెప్పుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గర పదకొండేళ్ళుగా ముందు గదిలో కూర్చుని టోకెన్లు ఇస్తోంది. అందుకని వచ్చిపోయేవాళ్ళందరికీ ఆమె టోకెనక్క.

ఆ ముందు గదిలో తొమ్మిది కుర్చీలు, ఒక నీళ్ళ క్యాను, గోడకి మనిషంత దవడ బొమ్మ, దాని పక్కన ఒక టీవీ ఉండేవి. టీవీలో పొద్దున్నుంచీ వార్తల చర్చ నడిచేది. నలుగురు మనుషులు నాలుగు గళ్ళలో కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ ఉండేవాళ్ళు. లోపలి గదిలోంచి పన్ను తొలిచే మిషను గీ మని కూసేది. ఈ రెండూ కలిస్తే, ఊరికే తోడొచ్చినవాళ్ళకి కూడా పన్ను సలపడం మొదలయ్యేది. ఒకరోజు పద్నాలుగో నంబరు మనిషి తన టోకెన్ని కుర్చీలో వదిలేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇద్దరు వెళ్ళిపోయారు.

"ఏదైనా నెమ్మదైంది పెట్టమ్మా. మనుషులకి ప్రాణం కుదుటపడాలి," అన్నాడు డాక్టరు.

టోకెనక్క టీవీ గొంతు నొక్కేసింది. మొదటిరోజు సముద్రం అలలు పెట్టింది. ఓ గంటలో గదిలో ఉన్న ప్రతివాళ్ళూ బాత్రూం ఎక్కడని అడిగారు. రెండోరోజు గాజుపెట్టెలో చేపలు పెట్టింది. ఒక పెద్దాయన గురకపెట్టి నిద్రపోయి, తన నంబరు పోగొట్టుకుని, లేచాక పోట్లాట పెట్టుకున్నాడు. మూడోరోజు వెతగ్గా వెతగ్గా ఒక వీడియో దొరికింది. ఎవరో తుప్పు పట్టిన పాత గోడగడియారాన్ని విప్పి బాగుచేస్తున్నారు. మనిషి కనపడడు, మాట లేదు, రెండు చేతులే. చిన్న పట్టకారుతో చిన్న చిన్న చక్రాలు తీసి, తుడిచి, మళ్ళీ పెడుతున్నారు.

"పదహారు!" అని పిలిచింది టోకెనక్క.

పదహారో నంబరు ఒక బస్సు డ్రైవరు. బుగ్గ బూరెలా వాచి ఉంది. అయినా కదల్లేదు. "ఒక్క నిమిషం అక్కా, ముల్లు బిగిస్తున్నాడు," అన్నాడు.

పళ్ళ డాక్టరు దగ్గర వంతు వచ్చినా లేవని మనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అలాంటివే ఇంకో ఆరు వెతికి పెట్టుకుంది. చిరిగిన బొంత, ఇరుసు విరిగిన కుట్టుమిషను, మూత పట్టని డబ్బా. ఏది పెట్టినా జనం కళ్ళార్పకుండా చూశారు.

ఆమె ఆడపడుచు ప్రింటింగ్ షాపులో పనిచేస్తుంది, ఇలాంటి వ్యవహారాల్లో చురుకైన మనిషి. "వదినా, ఇవన్నీ ఫోన్లో మూటగట్టుకుని కూర్చున్నావేంటి? ఒక చానల్ పెట్టెయ్," అంది.

"నాకు వీడియో తీయడం ఎక్కడొచ్చే?"

"నువ్వు తీయక్కర్లేదు. తీసేవాళ్ళు లోకంలో తీస్తూనే ఉన్నారు. నువ్వు మంచివి ఏరి ఒకచోట పేర్చాలి, అంతే. చూసేవాళ్ళు కూడా తమకి దొరికినవి నీకు పంపుతారు. నువ్వు సరే అంటే చానల్లోకి ఎక్కుతుంది, కాదంటే ఆగిపోతుంది."

"నేను కాదంటే?" అని టోకెనక్క మళ్ళీ అడిగింది. అర్థంకాక అడగలేదు. తను కాదంటే ఆగిపోయే వస్తువు ఒకటి ఉంటుందన్న సంగతి ఇంకోసారి వినాలనిపించింది.

చానల్‌కి 'చేతిపని' అని పేరు పెట్టారు. నియమాలు ఆమే రాసింది: మాటలు ఉండకూడదు, చేతులు కనపడాలి, మొదట పాడై ఉన్న వస్తువు చివరికి బాగవ్వాలి. నడిపేవాళ్ళ పేరు రాయమంటే సిగ్గుపడి 'నిర్వాహకులు' అని మాత్రం రాసింది. ఫోన్‌తో చూస్తే చానల్ తెరుచుకునే నల్ల గళ్ళ స్టిక్కరొకటి ఆడపడుచు అచ్చువేసి తెచ్చి, దవడ బొమ్మ కింద అతికించి పోయింది.

మొదటి వారం పదకొండుమంది చేరారు. అందులో నలుగురు చుట్టాలు. బస్సు డ్రైవరు తన డిపోలో వాళ్ళందరినీ చేర్పించాడు. పుచ్చు పన్నుతో వచ్చినవాళ్ళు, చిగుళ్ళ వాపుతో వచ్చినవాళ్ళు, వాళ్ళ వియ్యంకులు, ఆఫీసుల్లో పక్క బల్ల వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో చేరారు. ఆరు నెలలు తిరిగేసరికి రెండువేల నాలుగువందల మంది అయ్యారు. ఊరికే చూసి పోయేవాళ్ళు కాదు. వీడియోలు ఏరి పంపేవాళ్ళు, పక్కవాళ్ళు పంపినవాటికి వంకలు పెట్టేవాళ్ళు, అలిగేవాళ్ళు, రెండ్రోజులకి వాళ్ళంతట వాళ్ళే తిరిగొచ్చేవాళ్ళు. పెద్ద ఉమ్మడి కుటుంబంలా తయారైంది.

అందులో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉండేవాడు. ప్రతి వీడియో కిందా, ఏ నిమిషంలో ఏ పనయిందో ఎవరూ అడక్కపోయినా రాసేవాడు. ఒకసారి ఎవరో మాసిన బూట్లకి పాలిష్ పెట్టే వీడియో పంపారు. మాసిపోవడం పాడవడం కిందికి వస్తుందా రాదా అని మూడు రోజులు వాదన జరిగింది. మాసిపోవడం వేరు, పాడవడం వేరు అని మాస్టారు తొమ్మిది పేరాలు రాశాడు. "మాస్టారూ, మీరు మా ఆవిడ చీర మీద కాఫీ ఒలకబోసి ఆ మాట అనండి చూద్దాం," అని డ్రైవరు జవాబు రాశాడు. చివరికి బూట్లు చానల్లోకి ఎక్కలేదు.

టోకెనక్కకి ఈ పనిలో గట్టి అండ ఆమె అత్తగారు. ఆవిడ తాళాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, చివరి పదేళ్ళూ తయారైన తాళాల్ని పరీక్షించి పంపే బల్ల దగ్గర కూర్చుంది. ఆ మిషన్ల మోతకి రెండు చెవులూ పోయాయి. కళ్ళు మాత్రం డేగ కళ్ళు. సాయంత్రం కోడలు ఇంటికి రాగానే ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆ రోజు వచ్చినవన్నీ చూసేవాళ్ళు.

"దొంగ వెధవ!" అని అత్తగారు ఉన్నట్టుండి వీధంతా వినపడేలా అరిచేది. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలీదు. "ఆ తుప్పు చూడు, పూసిన తుప్పు. రంగు డబ్బాలోంచి వచ్చింది. నిజం తుప్పు మరమేకుల సందుల్లోకి పోతుంది, ఇలా పైపైన బొట్టు పెట్టినట్టు కూర్చోదు. కొత్త తాళానికి బురద పూసి బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాడు. కొట్టెయ్!"

టోకెనక్క కొట్టేసేది.

ఈ చానల్ గురించి బొత్తిగా తెలియని మనిషి ఆ క్లినిక్‌లో ఒక్కడే ఉన్నాడు. అది డాక్టరు.

ఆయన మంచివాడు. చెయ్యి తేలిక. పన్ను పీకితే పీకినట్టే తెలిసేది కాదు. ఉన్న లోపమల్లా ఒకటే, మాట. పొద్దున్న వెనక మెట్ల మీంచి ఎక్కి వచ్చి, నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి, మొదటి పేషెంటు నోరు తెరవగానే తను నోరు తెరిచేవాడు. వాళ్ళ నోట్లో దూదీ, గొట్టం, అద్దం అన్నీ పెట్టి, "మీరేమంటారు?" అని అడిగేవాడు. వాళ్ళు "ఆఁ" అనేవాళ్ళు. "అదీ, నేనూ అదే అంటాను!" అని సాగించేవాడు. తనతో ఏకీభవించని మనిషి ఆయనకి జీవితంలో తగల్లేదు.

ఒకరోజు టీ తాగడానికి ముందు గదిలోకి వచ్చి, దవడ బొమ్మ కింద స్టిక్కరు చూసి, ఫోను పెట్టి చూశాడు. ఇదేదో పెద్ద కంపెనీ వాళ్ళ చానల్ అనుకున్నాడు. ఆయనకీ నచ్చింది. 'ముత్యాలు' అన్న మారుపేరుతో చేరి, మర్నాడే ఒక వీడియో పంపాడు.

అందులో ఒక ప్రొఫెసరు బోర్డు ముందు నిలబడి పంటి నిర్మాణం గురించి నలభై నిమిషాలు చెప్తాడు. టోకెనక్క అది తెరిచి, నాలుగు నిమిషాలు చూసి, "క్షమించండి, ఇందులో మాటలు ఉన్నాయి," అని వెనక్కి పంపింది. ముత్యాలు ఎవరో ఆమెకి తెలీదు. తర్వాత జలపాతం వచ్చింది. "క్షమించండి, ఇందులో పాడైన వస్తువు లేదు." ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రొఫెసరే, గొంతు నొక్కేసి వచ్చాడు. పెదాలు ఆడుతూనే ఉన్నాయి. "క్షమించండి, వినపడకపోయినా మాటలే."

ఆ సాయంత్రం ముత్యాలు నుంచి ఉత్తరం వచ్చింది. మర్నాడు ఇంకోటి వచ్చింది. ఏ రోజు ఉత్తరం ఆ రోజుకి పెద్దదవుతూ వచ్చింది. నాలుగో ఉత్తరం రెండు పేజీలు దాటిన రోజున, రెండు టోకెన్ల మధ్య ఖాళీలో డాక్టరు గ్లవుజులు లాగేసుకుంటూ ఫోను పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు.

"ఒకటి చదువుతాను, ఎలా ఉందో చెప్పమ్మా. మన టీవీలో వస్తుందే, చేతిపని, దాన్ని నడిపేవాడు ఒకడున్నాడు. పరమ మొండివాడు. గట్టిగా రాశాను." అని గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "అయ్యా నిర్వాహకుడు గారూ, మీరు మనిషా, తలుపు గడియా? మాట అనేది మనిషికి ఉన్న వరం. దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసే మూర్ఖుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు..."

ముత్యాలు ఎవరో టోకెనక్కకి అప్పుడు తెలిసింది. మొహం మాత్రం కదలకుండా పెట్టుకుంది. కుర్చీల్లో ఉన్న ఐదుగురు పేషెంట్లూ ఒక్కసారిగా తలలు దించుకుని తమ చెప్పులకేసి చూడటం మొదలుపెట్టారు.

"ఎలా ఉంది?"

"బావుంది సార్. కాకపోతే ఆ 'మూర్ఖుడు' అన్న మాట తీసేస్తే బావుంటుందేమో. చదివేవాళ్ళు మీ పాయింటు వదిలేసి ఆ మాట పట్టుకుంటారు."

"అంతేనంటావా?"

"తలుపు గడియ కూడా వద్దు సార్."

డాక్టరు రెండూ తీసేశాడు. బొటనవేలితో నొక్కి పంపించాడు. అదే క్షణంలో టోకెనక్క సొరుగులోంచి టింగ్ మని మోగింది.

"మా ఆడపడుచు సార్," అంది ఆమె.

ఆ తర్వాత అది రోజూ జరిగే తంతు అయిపోయింది. ఆయన రాసి తెచ్చేవాడు, ఆమె దిద్దేది, ఆయన పంపేవాడు, సొరుగు మోగేది. "మీ ఆడపడుచుకి వేరే పనేం లేదా అమ్మా?" అని ఒకసారి అడిగాడు కూడా. మధ్యాహ్నం ఆమె మర్యాదగా జవాబు రాసేది. అది చదివి ఆయన పొంగిపోయేవాడు. "చూశావా, మెత్తబడుతున్నాడు! నువ్వు దిద్దినప్పట్నుంచీ దారికొస్తున్నాడు."

ఇందులో వింతేంటంటే, ఆయన ఎదుట కుర్చీలో పడుకున్న ప్రతి పేషెంటుకీ ఆ నిర్వాహకుడెవరో తెలుసు, ముందు గదిలో ఆమె వీడియోలు ఏరడం చూసినవాళ్ళే. ఆయన వాళ్ళ పళ్ళు తొలుస్తూ ఆ మొండివాణ్ణి తిట్టిపోసేవాడు. వాళ్ళు కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి ఎత్తి, ముందు గది వైపు వేలు చూపించి "ఆఁ, ఆఁ" అనేవాళ్ళు. "నొప్పిగా ఉందా? అయిపోయింది, అయిపోయింది," అని ఇంకో సూది గుచ్చేవాడు. పనయ్యాక చెబుదామంటే మూతి మొద్దుబారి ఉండేది.

ఇంట్లో ఆమె భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్, గొడవలంటే గిట్టదు. "చెప్పెయ్, పోతుంది. లేదంటే ఆయనది ఒకటి ఎక్కించెయ్. ఒక్క వీడియోకి కొంపేం మునగదు," అన్నాడు.

"ఏంటంట?" అని అత్తగారు చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది. కోడలు గట్టిగా అరిచి చెప్పింది.

"ఎక్కించడమేంటి? డాక్టరైతే మటుకు మాట మాట కాకుండా పోతుందా?" అంది అత్తగారు. "మా సూపర్వైజరు బావమరిది చేసిన తాళాలు ఇరవై వెనక్కి కొట్టాను నేను. ఏమైంది? ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. నాకు ఎలాగూ వినపడదు."

టోకెనక్క అటు చెప్పనూ లేదు, ఇటు ఎక్కించనూ లేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంది. దాంతోపాటు, ఒప్పుకోవడానికి సిగ్గుపడేంత సంతోషం కూడా ఉంది. పదకొండేళ్ళలో డాక్టరు ఆమెని ఒక విషయం మీద నీ అభిప్రాయం ఏంటని అడగడం, విని మార్చుకోవడం ఇప్పుడే జరుగుతోంది.

కానీ సంగతి అక్కడ ఆగలేదు. తొమ్మిది వీడియోలు వెనక్కి వచ్చాక డాక్టరు పంథా మార్చాడు. చానల్లో అందరికీ కనపడేలా 'మాటలకీ చోటివ్వాలి' అని ఒక విన్నపం పెట్టాడు. మూడు రోజుల్లో రెండువందల పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. లెక్కల మాస్టారు ఆ సంతకాలు సరిచూసి, ఇద్దరు రెండేసిసార్లు పెట్టారని తేల్చి, రెండువందల పన్నెండని రాశాడు. మాటలు కావాలనేవాళ్ళు ఒక జట్టు, వద్దనేవాళ్ళు ఒక జట్టు అయ్యారు. బస్సు డిపోలో రెండు టీ గుంపులు వేరయ్యాయని డ్రైవరు కబురు తెచ్చాడు. ఆ వేడిలో ముత్యాలు ఒక ప్రకటన చేశాడు: "వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి, చెప్పుల షాపు పైన క్లినిక్‌లో సభ్యుల సమావేశం. నిర్వాహకుడికి ధైర్యముంటే రావాలి. ముఖాముఖి తేల్చుకుందాం."

రాసి, పంపి, ముందు గదిలోకి వచ్చి, "ఆదివారం నువ్వు కాస్త రావాలమ్మా. కుర్చీలు వెయ్యాలి," అన్నాడు.

ఆదివారం టోకెనక్క ఇస్త్రీ చీర కట్టుకుని తొమ్మిదింటికే వచ్చి కుర్చీలు వేసింది. ఉన్నవి చాలక కింద షాపులో బూట్లు వేసి చూసుకునే బల్లలు ఆరు పైకి తెప్పించింది. బిస్కెట్లు పళ్ళెంలో సర్దింది. ఈరోజు చెప్పేయాలనుకుంది. ఎలా చెప్పాలో ఏడు రకాలుగా అనుకుని చూసుకుంది. ఏడూ బాగాలేవు.

ముప్పై ఒకమంది వచ్చారు. చాలామంది డాక్టరు కుర్చీలో ఎప్పుడో ఒకప్పుడు పడుకున్నవాళ్ళే. మెట్లెక్కి వచ్చి ఆమెకి నమస్కారం పెట్టారు. ఆమె కళ్ళతోనే వద్దు వద్దంటూ కుర్చీలు చూపించింది. అందరూ కూర్చుని నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉండిపోయారు.

డాక్టరు తెల్లకోటు వేసుకునే వచ్చాడు. దవడ బొమ్మ ముందు నిలబడి, ముత్యాలంటే తనేనని చెప్పి, ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇంతమంది నోరు మూసుకుని ఆయన మాట వినడం కొత్త కాబట్టి ఉత్సాహం పట్టలేకపోయాడు. "ఆ నిర్వాహకుడు ఈ గదిలోకి రాడు! నాకు తెలుసు! అలాంటివాళ్ళు చీకట్లో కూర్చుని 'క్షమించండి' అని రాయడమే తప్ప, మనుషుల మొహం చూడలేరు!" అన్నాడు. ముప్పై ఒక జతల కళ్ళు ఆయన మీంచి టోకెనక్క మీదికి, ఆమె మీంచి బిస్కెట్ల మీదికి తిరిగాయి. టోకెనక్క రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ ఆయన "కూర్చోమ్మా, టీ తర్వాత ఇద్దువుగాని," అన్నాడు.

అప్పుడు మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. గుమ్మంలోకి అత్తగారు వచ్చింది. ఆయాసం తీర్చుకుని, గదంతా ఒకసారి కలయజూసి, తనకి తెలిసిన ఏకైక గొంతుతో అంది:

"ఏమ్మా కోడలా, మన చానల్ మీటింగు ఇంకా మొదలెట్టలేదా? ఆ మధ్యలో నిలబడ్డ ఆయన ఎవరు, పక్కకి జరగమను!"



డాక్టరు అత్తగారిని చూశాడు. టోకెనక్కని చూశాడు. ఆమె చేతిలో ఉన్న ఫోన్ని చూశాడు. మెల్లగా ఆమె సొరుగు వైపు చూశాడు. "మీ ఆడపడుచు..." అన్నాడు.

"కాదు సార్," అంది టోకెనక్క. "నేనే."

డాక్టరు నోరు తెరిచాడు. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ముందు వరస బల్ల చివర, పేషెంటు కూర్చున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఇలాంటప్పుడు చెయ్యగలిగింది తినడం ఒక్కటే కాబట్టి అందరూ బిస్కెట్లు తీసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఫట్ మని చప్పుడు వచ్చింది. లెక్కల మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన అరచేతిలో పై వరస కట్టుడు పళ్ళు రెండు ముక్కలై ఉన్నాయి. పెదవి లోపలికి పోయి, మాస్టారు పదేళ్ళు పెద్దవాడైపోయాడు. జీవితంలో ఎన్ని లెక్కలు తేల్చాడో గానీ, ఆ క్షణంలో ఆ రెండు ముక్కల వైపు ఏడ్చేట్టు చూశాడు.

డాక్టరు లేచాడు. మాస్టారు చేతిలోంచి ఆ ముక్కలు తీసుకుని, లోపలి గదిలోకి వెళ్ళి, దీపం వేసి, చిన్న బల్ల ముందు కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. ఒక్కొక్కళ్ళే లేచి గుమ్మం దగ్గర మూగారు. బస్సు డ్రైవరు అందరికన్నా పొడుగు కాబట్టి తలల మీంచి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

డాక్టరు ముక్కల్ని బ్రష్షుతో కడిగి తుడిచాడు. విరిగిన అంచుల్ని దీపం కింద ఒకదానికొకటి ఆనించి చూశాడు. బెత్తెడు వస్తువుని వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి, కరిగించిన మైనం చుక్కలు పెట్టి అతికాడు. లోపలి వైపు సుద్ద ముద్ద పోసి, అది గట్టిపడేదాకా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఊరుకున్నాడు. ముప్పై ఒకమందీ ఊరుకున్నారు. తర్వాత విరిగిన చోటు వెంబడి సన్నగా గాడి తీసి, గులాబి రంగు పొడి కొద్దిగా చల్లి, చుక్క ద్రవం వేసి, మళ్ళీ పొడి, మళ్ళీ చుక్క. గట్టిగా ఊపిరి వదిలితే పొడి లేచిపోతుందని గుమ్మంలో వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అంత పెద్ద మనిషి చేతులు అంత చిన్న వస్తువు మీద అంత మెత్తగా తిరగడం, వాటి కింద నోరు తెరుచుకుని పడుకున్న మనుషులకే ఎన్నడూ కనపడలేదు. గట్టిపడ్డాక గరుకంతా అరగదీసి, మెరుగుపెట్టి, నీళ్ళలో ముంచి తీశాడు. మాస్టారు నోట్లో పెట్టి, బుగ్గ నొక్కి సరిచూసి, మొదటిసారి పెదవి కదిపాడు.

"అమ్మయ్య," అన్నాడు.

మాస్టారు పళ్ళు ఒకసారి కొరికి చూసుకుని, గడియారం చూసి, "గంటా ఏడు నిమిషాలు," అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాటలు ఉండాలా వద్దా అన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. టీ తాగి ఇళ్ళకి వెళ్ళిపోయారు. డాక్టరు వెనక మెట్ల మీంచి, ఆమె మొహం చూడకుండా దిగిపోయాడు.

సోమవారం టోకెనక్క రాజీనామా కాగితం రాసుకుని సంచిలో పెట్టుకుని వచ్చింది. మొదటి పేషెంటు లోపలికి వెళ్ళాడు. పావుగంటకి పాలిపోయిన మొహంతో బయటికొచ్చాడు.

"అక్కా, సార్ ఒక్క ముక్క మాట్లాడలేదు. నా పంటికి ఏదో పెద్దదే వచ్చుంటుంది కదా? నిజం చెప్పు, తట్టుకుంటాను."

రెండో ఆవిడ బయటికొచ్చి, గోడ వైపు తిరిగి భర్తకి ఫోన్ చేసి ఏడ్చింది. మూడో మనిషి ఇదంతా చూసి, "నేను రేపొస్తానక్కా," అని లేచాడు. నాలుగో మనిషి అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

టోకెనక్క లోపలికి వెళ్ళింది. డాక్టరు కిటికీ వైపు తిరిగి గ్లవుజు వేళ్ళు ఒక్కొక్కటే లాగుతున్నాడు.

"సార్, మీరు మాట్లాడాలి. జనం హడలిపోతున్నారు."

ఆయన తిరగలేదు. "ఏం మొహం పెట్టుకుని మాట్లాడనమ్మా? నీ మీద ఎన్నెన్ని మాటలు రాశాను... మూర్ఖుడన్నాను, గడియన్నాను."

"అవి మీరు పంపలేదు కదా సార్. నేనే తీసేయించాను."

డాక్టరు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుపడింది. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మరి 'చీకట్లో కూర్చునేవాడు' అన్నది?" అన్నాడు.

"అది నాకు చూపించకుండా అన్నారు సార్. చూపించి ఉంటే అదీ కొట్టేసేదాన్ని."

"ఇంతకీ డ్రైవరు నా వీడియో పంపాడట కదా. ఎక్కించావా?"

టోకెనక్క సంచిలో ఉన్న కాగితాన్ని తలుచుకుంది. ఆయన కళ్ళలోకి చూసింది. "లేదు సార్. చివర్లో మీరు 'అమ్మయ్య' అన్నారు."

డాక్టరు తల ఊపాడు. "మాటే. నిజమే, మాటే," అని ఒప్పుకుని, "అసలు అమ్మయ్య అన్న మాట ఎలా పుట్టిందంటే..." అని మొదలుపెట్టాడు. మెట్ల మీద వెనకాముందాడుతున్న నాలుగో మనిషి ఆ గొంతు విని, కుదుటపడి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఆమె వీడియోని ఆపింది గానీ సభ్యులు ఊరుకోలేదు. 'అమ్మయ్య' మాట కాదు, ఊపిరి అని డ్రైవరు వాదించాడు. ఆవలింతని మాట అంటామా అని అడిగాడు. రెండు రోజులు అదే గోల. చివరికి టోకెనక్క, చానల్ పేర్చింది తను ఒక్కతే కాదు కదా అని, మొదటిసారి ఓటుకి పెట్టింది. ఆరువందల పన్నెండు మంది ఊపిరన్నారు, నలభైమంది మాటన్నారు. ఆ నలభైలో డాక్టరు ఒకడు. అత్తగారు ఓటు వెయ్యలేదు. అందులో మాట ఉందని అందరూ అంటున్నారు గానీ తనకేం కనపడలేదంది.

ఆ వీడియో చానల్లోకి ఎక్కింది. వారం తిరక్కుండా ఎక్కడెక్కడి చానళ్ళవాళ్ళో దాన్ని తీసుకుపోయి తమ వరసల్లో పేర్చుకున్నారు. డాక్టరు 'వింటున్నారా' అని మాటల చానల్ ఒకటి విడిగా పెట్టుకున్నాడు. అందులో పందొమ్మిదిమంది ఉన్నారు. ఆయనకి అది చాలు. రాజీనామా కాగితం వెనక వైపు టోకెనక్క తర్వాతి సమావేశానికి రావాల్సినవాళ్ళ జాబితా రాసుకుంది.

ఎవరూ అనుకోనిది లెక్కల మాస్టారికి జరిగింది. ఆయన మొహం వీడియోలో లేదు, పళ్ళే ఉన్నాయి. అవి లక్షమంది చూశారు. ఒకరోజు బస్సులో ఎదుటి సీటావిడ ఆయన ఆవలించడం చూసి, "మీరు... ఆ పళ్ళాయన కదూ?" అంది. మాస్టారు చిన్నబుచ్చుకుని రెండ్రోజులు నోరు మూసుకునే తిరిగాడు. మూడోరోజు ఇంకో ఇద్దరు గుర్తుపట్టి, అతుకు ఎక్కడో చూపించమని బతిమాలారు. చూపించాడు. వాళ్ళకి అతుకు కనపడలేదు. ఇప్పుడాయన బస్సెక్కగానే ఖాళీ సీటు కోసం చూడడు. జనానికి ఎదురుగా నిలబడి, కడ్డీ పట్టుకుని, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా అందరివైపూ చూసి నవ్వుతూ ఉంటాడు.